తోట చివర ట్రాప్ కెమెరా: ఏది కొనాలి, ఎలా పెట్టాలి

అడవి అంచున పొలమో తోటో ఉన్నవాళ్ళకి తెల్లారి కనిపించే జాడలు కొత్త కాదు. వేరుశనగ చేలో కుళ్ళగించిన మట్టి, మామిడి పాదులో గిట్టల గుర్తులు, బోరు దగ్గర బురదలో పెంపుడు పిల్లి అడుగు కన్నా కాస్త పెద్ద అడుగు. రాత్రి వచ్చి వెళ్ళిందేమిటో చూడాలంటే ట్రాప్ కెమెరా, అంటే ఎదురుగా జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా, పెట్టడం అన్నిటికన్నా తేలిక. 2023లో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుతల కదలికలు కనిపెట్టడానికి అటవీ శాఖ పెట్టినవి ఇలాంటివే. పులుల లెక్క కోసం నల్లమలలో చెట్లకి కట్టేవీ ఇవే. ఆన్‌లైన్ షాపుల్లో ‘ట్రైల్ కెమెరా’ అని వెతకండి, బోలెడు కనిపిస్తాయి.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పెట్టె మీద ‘48 మెగాపిక్సెల్, 4కే’ అని పెద్ద అక్షరాలుంటాయి. మనకి నిజంగా కావలసిన వివరాలు చాలాసార్లు లోపలి కాగితంలో కూడా దొరకవు. నా లెక్కలో ముందు చూడాల్సింది సెన్సర్, తర్వాత రాత్రి ఫ్లాష్, ఆ తర్వాత బ్యాటరీ. మెగాపిక్సెల్స్ సంగతి ఈ మూడూ తేలాకే.

కొనే ముందు చోటు చూసుకోండి

ఏ జంతువు కోసం, ఎక్కడ పెడతారన్నది తేలకుండా డబ్బు పెట్టకండి. అడవిపందులు గుంపుగా, గట్టు వెంబడి వస్తాయి. ఏదుపంది రోజూ దాదాపు ఒకే కాలిబాటలో నడుస్తుంది. ముంగిస, కుందేలు పొదల పక్కనుంచి చటుక్కున దాటిపోతాయి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం ఉన్నవాళ్ళ అవసరం వేరు, చిత్తూరు వైపు ఏనుగులు తిరిగే చోట అవసరం వేరు. పంది కోసం సరిపోయే కెమెరా ముంగిసకి సరిపోకపోవచ్చు.

ఖర్చు లేని పని ఒకటుంది. మీరు అనుకున్న చోట రెండు మూడు అడుగుల వెడల్పున మెత్తటి మట్టి గానీ ఇసక గానీ పరిచి, సాయంత్రం చీపురుతో చదును చేయండి. పొద్దున్నే అడుగులు చూడండి. వారం రోజులు ఇలా చేస్తే ఏ దారిలో ఏ సైజు జంతువు నడుస్తోందో తెలిసిపోతుంది. కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి కోసం వెతికిన పరిశోధకులు కూడా ఈ పద్ధతి వాడారు. 1986లో మళ్ళీ కనిపించిన ఆ పక్షి రాత్రిపూట పొదల మధ్య తిరుగుతుంది, మనిషి కంటపడటం చాలా అరుదు. అందుకే మెత్తటి మట్టి మీద అడుగులు పట్టడం, ట్రాప్ కెమెరాలు పెట్టడం, రెండూ చేశారు. అంతటి పక్షికి పనికొచ్చిన పద్ధతి మన తోటకి పనికిరాకుండా పోదు.

ఇక అనుమతి మాట. సొంత పట్టా భూమిలో, లేదా యజమాని ఒప్పుకున్న పొలంలో పెట్టుకోండి. కంచె దాటి అడవిలోకి నాలుగడుగులు వేసి చెట్టుకి కడదామనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళాలన్నా, అక్కడ ఫొటోలు తీయాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. రిజర్వు ఫారెస్టులో పెట్టాలన్నా ముందు రేంజ్ ఆఫీసులో అడగండి. అడక్కుండా కట్టిన కెమెరా బీట్ సిబ్బంది కంటపడితే వేటగాళ్ళ పనేమోనని అనుమానం రావడం సహజం.

సెన్సర్ దగ్గరే ఎక్కువసేపు ఆగండి

కెమెరా ముఖం మీద లెన్స్ కింద బుడిపెలాగో, పాలతెలుపు కిటికీలాగో ఉండేదే సెన్సర్. దీన్ని పిఐఆర్ అంటారు. అది వెలుతురుని చూడదు, ఎదురుగా ఉన్న వేడిలో తేడా కదిలిందా లేదా అని కనిపెడుతుంది. చెట్లూ నేలా ఒక వేడిలో ఉంటే, పంది ఒళ్ళు ఇంకో వేడిలో ఉంటుంది. ఆ తేడా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగితే కెమెరా నిద్ర లేచి ఫొటో తీస్తుంది.

మన వాతావరణంలో దీనివల్ల ఒక పెద్ద ఇబ్బంది ఉంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో పగలు 45 డిగ్రీలు దాటుతుంది. గాలీ నేలా జంతువు ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు సెన్సర్‌కి తేడా అందదు. ఎదురుగా దుప్పి నడిచినా ఫొటో పడకపోవచ్చు. కెమెరా పాడైందని కంగారు పడకండి, రాత్రి చల్లబడ్డాక మళ్ళీ పని చేస్తుంది. సెన్సర్ సున్నితత్వాన్ని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మార్చుకునే వీలున్న మోడలే తీసుకోండి. ఎండాకాలంలో ఎక్కువలో, చలికాలంలో మధ్యస్థంలో పెట్టుకోవచ్చు.

ఉడుము, తాబేలు లాంటివాటి ఒళ్ళు చుట్టూ ఉన్న వేడితోనే మారుతుంది కాబట్టి సెన్సర్‌కి సరిగా దొరకవు. వాటి కోసమైతే ‘టైమ్ లాప్స్’ ఉన్న కెమెరా కావాలి. నిమిషానికో, అయిదు నిమిషాలకో ఒక ఫొటో దానంతటదే తీస్తుంది.

తర్వాత వేగం. జంతువుని పసిగట్టాక ఫొటో తీయడానికి పట్టే సమయాన్ని ‘ట్రిగ్గర్ స్పీడ్’ అంటారు. అర సెకను లోపు ఉంటే బాగు. సన్నటి కాలిబాట మీద పెట్టేవాళ్ళు 0.2, 0.3 సెకన్ల దగ్గర ఉన్నది చూసుకోవాలి. ఒక సెకను దాటితే ఫొటోలో తోకే మిగులుతుంది. నీటి కుంట దగ్గర పెడితే మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు, నీళ్ళు తాగడానికి వచ్చిన జంతువు కాసేపు ఆగుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ‘రికవరీ టైమ్’. ఒక ఫొటో తీశాక మళ్ళీ సిద్ధమవడానికి కెమెరా తీసుకునే సమయం అది. పెద్ద పంది ముందు నడిచి, పిల్లలు వెనక వరసగా వస్తుంటే, రికవరీ ఎక్కువ ఉన్న కెమెరా తల్లిని తీసి పిల్లల్ని వదిలేస్తుంది. ప్రకటనలో ట్రిగ్గర్ స్పీడ్ గొప్పగా రాసి రికవరీ గురించి మాటే ఎత్తకపోతే నేనైతే అనుమానిస్తాను.

ఇంకొకటి, సెన్సర్ చూసే మేర, లెన్స్ చూసే మేర ఒకదానికొకటి సరిపోవాలి. కొన్నిట్లో సెన్సర్ పక్కలకి చాలా దూరం చూస్తుంది, లెన్స్ అంత వెడల్పు చూడదు. జంతువు ఫొటోలోకి రాకముందే కెమెరా క్లిక్‌మంటుంది, మీకు ఖాళీ గడ్డి ఫొటో మిగులుతుంది. రెండిటి డిగ్రీలూ వివరాల్లో ఉంటే పోల్చి చూడండి.

రాత్రి వెలుగు

మన చుట్టూ తిరిగే జంతువుల్లో ఎక్కువ భాగం చీకటి పడ్డాకే బయటికొస్తాయి కాబట్టి రాత్రి ఫ్లాష్ ముఖ్యం. మామూలు ట్రాప్ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ బల్బులతో నలుపు తెలుపు ఫొటో తీస్తాయి. వీటిలో రెండు రకాలున్నాయి. 850 నానోమీటర్ల రకం ఎక్కువ దూరం వెలుగిస్తుంది, ఫొటో స్పష్టంగా వస్తుంది. అయితే వెలిగినప్పుడు ఎర్రటి మిణుకు కనిపిస్తుంది. 940 రకం మనిషి కంటికి అసలు కనిపించదు, కానీ దూరం తగ్గుతుంది, ఫొటో కాస్త మసకగా వస్తుంది.

నలుగురూ నడిచే గట్టు మీద, దొంగల భయం ఉన్న తోటలో 940 తీసుకోండి. చీకట్లో ఎర్రగా మెరిసే కెమెరా ఎవరి కంటైనా పడుతుంది. ఇంటి వెనక, కంచె లోపల పెట్టేవాళ్ళకి 850 మేలు. ఏ రకమైనా కంపెనీ రాసిన ఫ్లాష్ దూరంలో సగమే లెక్కేసుకోండి. 25 మీటర్లని ఉంటే పన్నెండు మీటర్ల దాకా జంతువు గుర్తుపట్టేలా వస్తుందనుకోవచ్చు.

రంగుల్లో తీసే తెల్ల ఫ్లాష్ కెమెరాలు వేరు. పులికి పులికి చారలు తేడా ఉంటాయి, మన వేలిముద్రల్లాగా. ఏ పులో తేల్చాలంటే ఆ చారలు చెదరకుండా రావాలి, అందుకే పులుల సర్వేల్లో తెల్ల ఫ్లాష్ కెమెరాలు బాగా వాడారు. చిరుత మచ్చలకీ ఇదే వర్తిస్తుంది. తోటలోకి ఏమొస్తోందో తెలుసుకోవడానికి మాత్రం ఇది అనవసరం. పైగా వెలుగు తళుక్కుమనగానే కొన్ని జంతువులు బెదిరి ఆ దారి మానేస్తాయి.

చిన్న జంతువుల దగ్గర ఇంకో సమస్య వస్తుంది. ఏదుపంది రెండు మీటర్లలో నడిస్తే ఫ్లాష్ దెబ్బకి ఫొటోలో తెల్లటి ముద్ద తప్ప ముళ్ళు కనిపించవు. ఫ్లాష్ బల్బుల్లో సగం మీద మందుల షాపులో దొరికే తెల్లటి కాగితపు టేపు ఒక పొర అంటిస్తే వెలుగు మెత్తబడి ఒక్కో ముల్లూ, వాటి మీది తెలుపు నలుపు పట్టీలూ విడిగా తెలుస్తాయి. టేపు లెన్స్ మీదికీ సెన్సర్ మీదికీ రాకుండా చూసుకోండి. ఫ్లాష్ తీవ్రత తగ్గించే సెట్టింగ్ ఉన్న మోడల్ దొరికితే ఈ టేపు పనే ఉండదు.

మెగాపిక్సెల్స్, ఫోకస్, కార్డు

చవక కెమెరాల్లో రాసే 36, 48 మెగాపిక్సెల్స్ లోపలి చిప్‌వి కావు. చిన్న ఫొటోని సాఫ్ట్‌వేర్ సాగదీసి ఆ సైజుకి తెస్తుంది. అలా సాగదీస్తే కొత్త వివరం ఏమీ రాదు, కార్డు మాత్రం తొందరగా నిండుతుంది. ‘సెన్సర్ రిజల్యూషన్’ (ఇక్కడ సెన్సర్ అంటే పిఐఆర్ కాదు, ఫొటో తీసే చిప్) అని విడిగా రాసి ఉంటే ఆ అంకెనే నమ్మండి, సెట్టింగ్స్‌లో కూడా దానికి దగ్గరున్నదే పెట్టండి. అంకె చూసి కొనే బదులు అదే మోడల్‌తో కొన్నవాళ్ళు రాత్రి తీసిన ఫొటోలు వెతికి చూడండి. పగటి ఫొటో ఏ కెమెరాలోనైనా బాగానే ఉంటుంది.

చాలా ట్రాప్ కెమెరాలకి ఫోకస్ మార్చుకునే వీలుండదు. ఒకటిన్నర, రెండు మీటర్ల కన్నా దగ్గరికొచ్చినది మసకబారుతుంది. పక్షి గూడు పక్కన, ఎలుక కన్నం ముందు పెడదామనుకునేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

కార్డుకి 32 జీబీ, క్లాస్ 10 చాలు. కొన్ని మోడళ్ళు అంతకన్నా పెద్దది తీసుకోవు. పేరున్న కంపెనీ కార్డు కొని, కంప్యూటర్‌లో కాకుండా ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఫోన్ కార్డుని అడాప్టర్‌లో పెట్టి వాడటం నాకు నచ్చదు, అడాప్టర్ కాస్త కదిలితే వారమంతా వృథా.

బ్యాటరీ, సిమ్

ఎక్కువ కెమెరాలకి నాలుగు నుంచి పన్నెండు దాకా ఏఏ సెల్స్ పడతాయి. గోడ గడియారంలో వేసే చవక సెల్స్ దీనికి పనికిరావు. ఆల్కలైన్ సెల్స్ వేస్తే మొదట్లో బాగానే ఉంటుంది, వాడేకొద్దీ వోల్టేజీ దిగి రాత్రి ఫ్లాష్ మందగిస్తుంది. పగటి ఫొటోలు వస్తూనే ఉండి రాత్రివి నల్లగా పడుతున్నాయంటే ముందు సెల్స్ మార్చి చూడండి. రీచార్జి అయ్యే ఎన్ఐఎంహెచ్ సెల్స్ ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి, కొన్ని కెమెరాలు దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుంటాయి. కాబట్టి ఆ రకం పనిచేస్తుందని కంపెనీ రాసిన మోడలైతేనే అవి కొనండి. డబ్బు పరవాలేదనుకుంటే 1.5 వోల్టుల లిథియం సెల్స్ అన్నిటికన్నా ఎక్కువ రోజులొస్తాయి. కొత్తవీ పాతవీ కలిపి వేయకండి.

వీడియో సరదాగానే ఉంటుంది, కానీ రాత్రి వీడియో తీసినంతసేపూ ఫ్లాష్ వెలుగుతూనే ఉంటుంది. మొదటి వారం ఒక్కసారికి మూడు ఫొటోలు తీసేలా పెట్టి, ఏమొస్తోందో తెలిశాక పది సెకన్ల వీడియోకి మారండి.

సిమ్ వేసే కెమెరా అయితే ఫొటో మీ ఫోన్‌కే వస్తుంది. ఏనుగులో, ఎలుగుబంటో దగ్గర్లో ఉందని వెంటనే తెలియాల్సిన చోట ఇది నిజంగా అవసరం. మిగతావాళ్ళకి కార్డు కెమెరాయే నయం. సిమ్ కెమెరా ధరా ఎక్కువే, బ్యాటరీ వాడకమూ ఎక్కువే, నెలనెలా రీచార్జి వేరే. ముందు మీ ఫోన్ పట్టుకుని సరిగ్గా ఆ చెట్టు దగ్గర సిగ్నల్ చూడండి. జియో సిమ్‌కి 4జీ తప్పనిసరి, అందులో 3, 5, 40 బ్యాండ్లు కెమెరాకి అందాలి. 2జీ, 3జీ అని రాసున్న పాత మోడళ్ళ జోలికి పోవద్దు.

అమెరికాలో ఉన్న కొడుకో మేనకోడలో వస్తూ తెస్తామంటే మంచిదే. అక్కడ జింకల వేటగాళ్ళ కోసం ఇవి విపరీతంగా అమ్ముడవుతాయి, రకాలూ ఎక్కువే. అయితే కార్డు కెమెరాయే తెమ్మనండి. అక్కడి సిమ్ మోడళ్ళు చాలావరకు అక్కడి నెట్‌వర్కులకే కట్టుబడి ఉంటాయి. వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. చేతికి రాగానే తేదీ, సమయం, ఫారెన్‌హీట్ సెట్టింగ్ మార్చుకోండి.

బడ్జెట్ మొత్తం కెమెరాకే పెట్టకుండా సెల్స్‌కి, కార్డుకి, ఇనప పెట్టెకి, తాళానికి కొంత మిగల్చండి. ఒకే ఖరీదైన కెమెరానా, మధ్యరకం రెండా అని ఊగిసలాడుతుంటే, తోటకి నేను రెండే తీసుకోమంటాను. జంతువు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో రెండు కెమెరాలుంటేనే తెలుస్తుంది.

ఇంటి దగ్గర పరీక్ష

తిరిగి పంపే గడువు ముగిసేలోపు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. చాలా మోడళ్ళలో ‘వాక్ టెస్ట్’ ఉంటుంది, సెన్సర్ పసిగట్టినప్పుడల్లా ముందు చిన్న లైటు వెలుగుతుంది. పెరట్లో మోకాలి ఎత్తున కట్టి, మూడు, ఆరు, పది మీటర్ల దూరంలో అడ్డంగా నడవండి. తర్వాత చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి పాకండి, పంది ఎత్తు అంతే కదా. చీకటి పడ్డాక వీధి కుక్కని బిస్కెట్ చూపించి ముందునుంచి నడిపించండి. రాత్రి ఫొటోలో కుక్క కాళ్ళు నాలుగూ విడివిడిగా కనిపిస్తే కెమెరా ఉంచుకోండి. కుక్క రూపం పొగలా సాగిపోతే తిరిగి పంపేయండి. మూత చుట్టూ రబ్బరు పట్టీ సరిగా కూర్చుందో లేదో కూడా ఇప్పుడే చూడాలి, తొలకరి వానకి తెలుసుకుంటే లాభం లేదు.

పొలంలో కట్టడం

పంది, దుప్పి, చిరుత సైజుకి మోకాలి ఎత్తు సరిపోతుంది. కుందేలు, ముంగిసలకి ఇంకా కిందికి దించండి. ఏనుగులు తిరిగే చోట తొండానికి అందనంత పైన కట్టి కిందికి వంచండి. ముఖం ఉత్తరానికి ఉంటే అన్నిటికన్నా మేలు, తూర్పు పడమరలకి పెడితే పొద్దున సాయంత్రం ఎండ నేరుగా లెన్స్‌లో పడుతుంది. కాలిబాటకి మూడు నాలుగు మీటర్ల దూరంలో, కొంచెం ఏటవాలుగా తిప్పండి. సెన్సర్ తనకి అడ్డంగా కదిలేదాన్ని బాగా పసిగడుతుంది, తిన్నగా ఎదురొచ్చేదాన్ని ఆలస్యంగా కనిపెడుతుంది. పూర్తిగా అడ్డంగా పెడితే జంతువు రెప్పపాటులో ఫ్రేమ్ దాటేస్తుంది. అందుకే మధ్యస్తంగా ఏటవాలు.

గాలికి ఊగని మాను చూసుకోండి. తాటిచెట్టు, ముదురు వేప, చింత మొద్దు బాగుంటాయి. చెట్టు లేకపోతే ఇనప పైపు పాతండి. మేకులు కొట్టకుండా పట్టీతోనే కట్టి, వంపు కోసం వెనక పుల్ల ముక్క దోపండి. ముందున్న గడ్డి, వేలాడే కొమ్మ తీసేయాలి. ఎండకి వేడెక్కిన ఆకు ఊగినా సెన్సర్‌కి జంతువులాగే అనిపిస్తుంది, ఒక్క మధ్యాహ్నంలో వందల ఖాళీ ఫొటోలు పడతాయి. వానాకాలంలో వారానికోసారి గడ్డి కోయక తప్పదు.

చీమలు పెద్ద బెడద. లోపలి వెచ్చదనానికి వచ్చి బ్యాటరీ గదిలో గుడ్లు పెడతాయి, సెన్సర్ చుట్టూ మట్టి కడతాయి. కార్డు తీయడానికి వెళ్ళినప్పుడల్లా మెత్తటి బ్రష్షుతో దులిపి, లోపల సిలికా జెల్ పొట్లం మార్చండి. వచ్చేముందు తేదీ, చోటు రాసిన పలక కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో పడనివ్వండి. తర్వాత ఫొటోలు సర్దేటప్పుడు ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.

మాంసం, ఉప్పు, పళ్ళు ఎరగా వేయకండి. పందుల్ని పక్కవాళ్ళ చేలోకి మీరే పిలిచినట్టవుతుంది, కుక్కలూ చేరతాయి. పంట నష్టం చూసి కోపమొచ్చినా తీగెకి కరెంటు పెట్టే ఆలోచన మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ తీగెలకి ఏటా మనుషులూ చచ్చిపోతున్నారు. ఏ దారిన, ఏ వేళకి వస్తున్నాయో ఫొటోల మీద సమయం చూసి తెలుసుకుంటే కాపలా అక్కడే పెట్టుకోవచ్చు.

ఫొటోలు చేతికొచ్చాక

ఓపిక కావాలి. 2018 పులుల లెక్కలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి, అందులో పులులవి 76,651. మీ కార్డులోనూ ఆవులూ, కుక్కలూ, మీరూ ఎక్కువ కనిపిస్తారు. ఖాళీవి తీసేసి మిగిలినవి చోటు పేరుతో, నెలల వారీగా ఫోల్డర్లలో పెట్టుకోండి. పునుగు పిల్లి ఏ నెలలో ఎక్కువ వస్తోంది, వాన పడ్డ రాత్రి ఏం తిరుగుతోంది లాంటివి అప్పుడే బయటపడతాయి.

కెమెరా పెట్టిన సంగతి పక్క పొలం వాళ్ళకీ, కూలికి వచ్చేవాళ్ళకీ ముందే చెప్పండి. ఆడవాళ్ళు నడిచే దారి వైపు, కాలువ రేవు వైపు తిప్పవద్దు. అనుకోకుండా మనుషుల ఫొటోలు పడితే అక్కడికక్కడే తీసేయండి.

అలుగు, నక్షత్ర తాబేలు, చిరుత లాంటివి పడితే సంతోషమే, కానీ ఊరి పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫొటోలో లొకేషన్ వివరం ఉంటే తీసేశాకే ఎవరికైనా పంపండి. అలుగు పొలుసుల కోసం, తాబేళ్ళ కోసం తిరిగేవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలు. ఫొటోలో ఉచ్చు, తుపాకీ, వేట కుక్కలతో మనుషులు కనిపిస్తే మీరే వెళ్ళి నిలదీయకండి. కార్డుని అలాగే పక్కన పెట్టి, కెమెరాలో కొత్త కార్డు వేసి, పాతదాన్ని తేదీ చెదరకుండా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌కి అందించండి.